బావల మైలేజ్ తగాదా

కోవిడ్ తర్వాత వచ్చిన రెండో వేసవిలో నేను గాజువాకలో ఒక కార్ల డీలర్ దగ్గర వర్క్స్ మేనేజర్‌గా ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంక ఎంతో కాలం లేదు. మా చోట ముందువైపు అద్దాల గదిలో కార్లు అమ్మేవాళ్ళు ఉండేవారు. వెనకవైపు రేకుల షెడ్డులో వాటిని బాగుచేసేవాళ్ళం మేం ఉండేవాళ్ళం. ముందువైపు ఇచ్చిన మాటలకు వెనకవైపు సమాధానం చెప్పుకోవడమే వర్క్స్ మేనేజర్ ఉద్యోగం. ఈ సంగతి నియామక పత్రంలో ఇంత సూటిగా రాయరు.

వర్క్‌షాప్‌కి వచ్చే ఫిర్యాదుల్లో శబ్దం వస్తోందంటే చెవికి తెలుస్తుంది, ఆయిల్ కారుతోందంటే కంటికి కనిపిస్తుంది. మైలేజ్ రావడం లేదన్న ఫిర్యాదు మాత్రం కారులో ఎక్కడుందో వెతికి పట్టుకోవడం కష్టం. చాలాసార్లు అది కారులో ఉండదు కూడా. దానికి మా దగ్గర ఒక వరుస ఉండేది. టైర్లలో గాలి చూస్తాం. ఎయిర్ ఫిల్టర్ చూస్తాం. కారును జాకీ మీద లేపి, చేత్తో చక్రాలు తిప్పి, బ్రేకు ఎక్కడైనా పట్టేస్తోందేమో చూస్తాం. స్కానర్ తగిలించి ఇంజన్ కంప్యూటర్‌లో ఏదైనా లోపం నమోదైందేమో చదువుతాం. ఏమీ దొరక్కపోతే జాబ్ కార్డు మీద 'లోపం కనబడలేదు' అని రాసి, కారును శుభ్రంగా కడిగి ఇచ్చేస్తాం. కడిగిన కారు ఇంకొంచెం మైలేజ్ ఇస్తున్నట్టు చాలామందికి అనిపిస్తుంది.

అప్పలనాయుడు గారికి అలా అనిపించలేదు.

ఆయన స్టీల్ ప్లాంట్‌లో క్రేన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. కూర్మన్నపాలెంలో సొంత ఇల్లు. ఇస్త్రీ చొక్కా జేబులో కళ్ళజోడు, చేతిలో కారు తాళం పట్టుకుని నేరుగా నా గదిలోకి వచ్చి, కూర్చోమనకముందే విషయం చెప్పారు.

"మేడమ్, మా బావ కారు లీటరుకి ఇరవై మూడు ఇస్తంది. నాది పద్నాలుగు. ఒకటే మోడలు, ఒకటే రంగు, ఒకటే వారంలో మీ దగ్గరే కొన్నాం. మరి నా కారుకేటి రోగం?"

వరుస ప్రకారం అన్నీ చూశాం. రోగమేమీ లేదు. 'లోపం కనబడలేదు' అని రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని ఆ రెండు ముక్కలనూ నెమ్మదిగా చదివి, కాగితం నా బల్ల మీద పెట్టారు.

"కారులో లోపం లేదంటే నాలో ఉందనేటి మేడమ్?"

కాదన్నాను. మరి ఎక్కడుందని అడిగారు. కారు మార్చి ఇవ్వాలనీ, లేకపోతే వినియోగదారుల కోర్టుకి వెళతాననీ చెప్పి వెళ్ళిపోయారు. గొంతు పెంచలేదు. వర్క్‌షాప్‌లో అరిచేవాళ్ళకు మేం భయపడం, గొంతు పెంచకుండా కోర్టు పేరెత్తేవాళ్ళకే భయపడతాం.

సాయంత్రం ముందువైపు నుంచి సేల్స్ మేనేజర్ ప్రసాద్ వచ్చాడు. ఆ రెండు కార్లూ అమ్మింది అతనే. అమ్మేటప్పుడు బ్రోచర్లో ఉన్న మైలేజ్ అంకెను ఇద్దరికీ వేలుపెట్టి చూపించిందీ అతనే. ఆ అంకె అబద్ధమేం కాదు. ప్రయోగశాలలో కారును రోలర్ల మీద నిలబెట్టి, ఎండా గాలీ గాజువాక ట్రాఫిక్కూ ఏమీ లేకుండా కొలిచినది. ప్రసాద్ ఈ రెండో సగం చెప్పడు. నన్ను తేలిగ్గా పని ముగించమన్నాడు. "నడిపే పద్ధతి వల్ల అని రాసెయ్యండి మేడమ్. ముసలాయన, ఏం నడుపుతాడు?"

రాయడం ఒక్క నిమిషం పని. నడిపే పద్ధతి వల్ల మైలేజ్ తగ్గడం నిజంగా ఉన్నదే. కానీ ఆయన నడపడం నేను చూడలేదు. చూడనిదాన్ని సంతకం పెట్టి ఎలా రాస్తాను? రేపు చూద్దాంలే అన్నాను.

మర్నాడు ఆయనకు బదులు ఒక ఆవిడ వచ్చింది. పేరు లక్ష్మి. అప్పలనాయుడు గారి చెల్లెలు, ఇరవై మూడు ఇచ్చే కారు ఉన్న సన్యాసిరావు గారి భార్య. ఆవిడ చెప్పాక గానీ నాకు అసలు ఫిర్యాదు ఏమిటో తెలియలేదు.

సన్యాసిరావు గారు పరవాడలో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ ఆఫీసరు. ఆయనా అప్పలనాయుడు గారూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. వయసులో పెద్ద తేడా లేదు, వేళాకోళం మాత్రం ఎప్పుడూ ఉండేదేనట. సన్యాసిరావు గారు రోజూ తన కారు మీటరు మీద కనబడే మైలేజ్ అంకెను ఫోటో తీసి చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేవారు. అప్పలనాయుడు గారు దానికి బదులు పెట్టలేకపోయేవారు. అంతవరకూ బాగానే ఉంది. ఒక పెళ్ళిలో, బంధువులందరూ ఉండగా, సన్యాసిరావు గారు ఒక మాట అన్నారు. "మా బావ ముప్పయ్యేళ్ళు క్రేను తోలినాడు గదా. కారూ అలాగే తోల్తన్నాడు. ముందుకీ ఎనక్కీ తప్ప ఆడికి ఇంకో గేరు తెల్దు."

అందరూ నవ్వారు. అప్పలనాయుడు గారు చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. అప్పటినుంచి మాటల్లేవు.

"నెలాఖరికి మా కొత్తింటి గృహప్రవేశం మేడమ్. పుట్టింటి బట్టలు అన్నియ్యే తేవాల. నాకు వేరే అన్నదమ్ముల్లేరు. ఈ మైలేజీ సంగతి తేలితే గానీ మా గుమ్మం తొక్కనంతన్నాడు. ఈయనేమో నానన్నది తమాషాకే, ఏటి తప్పంతన్నాడు." ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, అసలు వచ్చిన పని చెప్పింది. "కారుదే తప్పని రాసెయ్యండి మేడమ్. కారుకేటి సిగ్గు?"

ఆ మాటకు నేను నవ్వాను గానీ కాసేపు ఆలోచించాను కూడా. ముందురోజు ప్రసాద్ తప్పంతా మనిషి మీద వెయ్యమన్నాడు. ఈవిడ కారు మీద వెయ్యమంటోంది. ఇద్దరికీ ఒక సంతకమే కావాలి. కారుకు సిగ్గు లేకపోవచ్చు, దాన్ని తయారుచేసిన కంపెనీకి లాయర్లు ఉన్నారు. అందుకని మూడో దారి పట్టాను. రెండు కార్లనూ తీసుకురమ్మని ఆవిడకు చెప్పాను. ఇద్దరి ఎదుటా కొలుద్దాం, ఏది వస్తే అది రాస్తాను.

ఇద్దర్నీ ఒప్పించడం ఆవిడకే వదిలేశాను. ఏం చెప్పి ఒప్పించిందో గానీ ఆదివారం ఉదయం, ఎండ ముదరకముందే, కూర్మన్నపాలెం దాటాక హైవే పక్కనున్న పెట్రోల్ బంకుకు ఇద్దరూ వచ్చారు. తెల్లటి కార్లు రెండు పక్కపక్కనే నిలబడ్డాయి, వాటి యజమానులు చెరో దిక్కూ చూస్తూ నిలబడ్డారు. అప్పలనాయుడు గారి భార్య రాలేదు. ఈ పిచ్చోళ్ళతో నాను రానందని లక్ష్మి గారు చెప్పింది. ప్రసాద్‌ను నేనే రమ్మన్నాను. ఆదివారం పాడైందన్న సంగతి అతని ముఖంలో స్పష్టంగా ఉంది.

మైలేజ్ కొలవడం చాలా సులువని అందరూ అనుకుంటారు. పోయించిన పెట్రోలు, తిరిగిన కిలోమీటర్లు, ఒక భాగహారం. తప్పంతా ఆ 'పోయించిన' దగ్గరా, 'తిరిగిన' దగ్గరా దూరుతుంది. మేం చేసే పద్ధతిని ట్యాంక్ టు ట్యాంక్ అంటారు. ట్యాంకు నింపుతాం, నడుపుతాం, మళ్ళీ నింపుతాం. రెండోసారి ఎంత పట్టిందో అంత ఖర్చయినట్టు. ఇది నిజం కావాలంటే రెండుసార్లూ ట్యాంకు ఒకేలా నిండాలి. నేల వాలుగా ఉంటే ట్యాంకులో ఒక మూల గాలి మిగిలిపోతుంది. అందుకే అదే బంకు, అదే పంపు, అదే చోటు కావాలి. చక్రాలు ఎక్కడ ఆగాయో నేల మీద సుద్దతో గీతలు గీశాను. పెట్రోలు పోసే నాజిల్ టక్కుమని తనంతట తాను ఆగాక, నురగ తగ్గేదాకా కాసేపు ఆగి, మరో టక్కు దాకా పోయించి ఆపేశాం.

అప్పలనాయుడు గారు అలవాటు ప్రకారం కారు వెనక్కి వెళ్ళి, రెండు చేతులతో పట్టుకుని ఊపబోయారు. గాలి పోయి ఇంకాస్త పడుతుందని. వద్దన్నాను.

"ఎప్పుడూ ఇలాగే పోయిత్తాను మేడమ్, పీకదాకా."

"ప్రతిసారీ అంతే ఊపుతారా?"

"సేతుల్లో బలాన్ని బట్టి," అన్నారు.

తరవాత డిక్కీలు తెరిపించాను. సన్యాసిరావు గారి డిక్కీలో స్టెప్నీ తప్ప ఏమీ లేదు. అప్పలనాయుడు గారి డిక్కీలో లావుపాటి తాడు, గునపం, రెండు మడత కుర్చీలు, ఇరవై లీటర్ల నీళ్ళ టిన్ను, ఇసుక నింపిన బకెట్టు ఉన్నాయి. ప్లాంట్‌లో పనిచేసినన్నాళ్ళూ ప్రమాదం వచ్చాక వెతుక్కోకూడదని నేర్పారట. ఆయన ఒక్కొక్కటే దించుతుంటే సన్యాసిరావు గారు గాలిలోకి చూస్తూ, ఎవరికీ కాదన్నట్టు, "ఫైరింజనే," అన్నారు. లక్ష్మి గారు ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన వెళ్ళి తన ఖాళీ డిక్కీ మూసుకున్నారు.

రెండు కార్లలోనూ బరువు సమానం కావాలి. ఒకదాంట్లో నేను, ఒకదాంట్లో ప్రసాద్. లక్ష్మి గారు కూడా వస్తానంది, అన్న కారులో కూర్చుంటానంది. అప్పుడు రెండో కారు తేలికైపోతుంది. గృహప్రవేశం భోజనాలకు కొన్న బియ్యం బస్తాలు సన్యాసిరావు గారి ఇంట్లో ఉన్నాయంటే తెప్పించి, రెండు బస్తాలు ఆయన కారు వెనక సీట్లో పెట్టించాను.

"అంటే నాను రెండు బస్తాలకి సరిపోతానేటి మేడమ్?"

సుమారుగా అన్నాను. ఆవిడకు ఆ 'సుమారుగా' నచ్చలేదు. కొలత సరిగ్గా ఉండాలంటే ఆవిడ బరువు చెప్పాలి. ఆవిడ చెప్పలేదు, నేనూ రెట్టించలేదు. ఆరోజు మేం తెలిసి ఒప్పుకున్న పొరపాటు అదొక్కటే.

దారి నక్కపల్లి దాకా వెళ్ళి రావడం. ఏసీ రెండిట్లోనూ ఒకే మీట మీద. వేగం ఎనభై దాటకూడదు, ఒకరినొకరు దాటకూడదు. సన్యాసిరావు గారి కారు ముందు బయల్దేరింది, కొంచెం ఆగి మేం. ఏసీ ఆపేస్తే మంచి మైలేజ్ వస్తుందని అప్పలనాయుడు గారి చెయ్యి రెండుసార్లు మీట మీదకు వెళ్ళింది. రెండుసార్లూ నేను దగ్గాను.

ఆయన కారుకు చక్రాలు కంపెనీవి కావు. మిలమిల మెరిసే అల్లాయ్ చక్రాలు, కంపెనీ ఇచ్చిన వాటికన్నా వెడల్పూ ఎత్తూ ఎక్కువున్న టైర్లు. బయట షాపులో వేయించుకున్నారు. మొదటిరోజే నేను చూశాను, కొంచెం తేడా చేస్తాయని చెప్పాను కూడా. ఆయన దగ్గర మంచి వాదన ఉంది. "సక్రం పెద్దదైతే ఒక తిప్పుకి ఎక్కువ దూరం పోద్ది గదా మేడమ్. అప్పుడు మైలేజీ పెరగాల గానీ తగ్గకూడదు గదా?" వినడానికి బాగుంది. ఇలాంటి వాదనలు నోటితో గెలవలేం. అనకాపల్లి దాటాక రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ళు వరసగా వచ్చేచోట, తిరిగిన దూరం చూపించే ట్రిప్ మీటరును సున్నా చేయించాను. రాళ్ళు ఆయన్నే లెక్కపెట్టమన్నాను.

పది రాళ్ళు దాటేసరికి మీటరు తొమ్మిదిన్నర కూడా చూపించలేదు.

"రాళ్ళు తప్పు పాతినారేమో," అన్నారు ఆయన. మళ్ళీ సున్నా చేసి ఇంకో పది లెక్కపెట్టాం. అదే తేడా. అప్పుడు చెప్పాను. కారు మీటరుకు దూరం తెలియదు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో ఒక్కటే తెలుసు. ఒక్కో తిప్పుకు ఇంత దూరం అని కంపెనీ చక్రం కొలతతో లెక్క వేస్తుంది. మీ చక్రం ఒక తిప్పుకు ఎక్కువ దూరం పోతుందని మీరే అన్నారు, ఆ ఎక్కువ దూరం మీటరుకు తెలియదు. మీరు నిజంగా తిరిగినదానికన్నా తక్కువ తిరిగినట్టు రాసుకుంటోంది. పైగా బరువైన వెడల్పు చక్రాన్ని తిప్పడానికి పెట్రోలు నిజంగానే ఎక్కువ కావాలి.

ఆయన ఇంకో రెండు రాళ్ళు లెక్కపెట్టారు. తరవాత, "సూడ్డానికి బాగున్నాయి గదా?" అని అడిగారు. బాగున్నాయన్నాను. నిజంగానే బాగున్నాయి.

ఆ రోజు నేను జాగ్రత్తగా చూసింది చక్రాలను కాదు, ఆయన పాదాన్ని. వర్క్‌షాప్‌లో ఇన్నేళ్ళలో వందల మంది పక్కన కూర్చుని టెస్ట్ డ్రైవ్‌లు చేశాను. చాలామంది యాక్సిలరేటర్ మీదినుంచి బ్రేకు మీదికి, బ్రేకు మీదినుంచి యాక్సిలరేటర్ మీదికి గెంతుతుంటారు. బ్రేకు తొక్కిన ప్రతిసారీ అప్పటిదాకా పెట్రోలు కాల్చి సంపాదించిన వేగాన్ని పారబోసుకుంటున్నట్టే. ఈయన ఎక్కడో ముందున్న లారీ వెనక దీపం వెలగగానే పాదం తీసేవారు. మేం దాని దగ్గరికి వెళ్ళేసరికి బ్రేకు అవసరమే ఉండేది కాదు. వెనక సీట్లో లక్ష్మి గారు నిద్రపోయింది. ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

"లాడిల్ దగ్గర," అన్నారు. లాడిల్ అంటే కరిగిన ఉక్కు పోసే పెద్ద కుండ లాంటిది. క్రేన్‌తో దాన్ని మోసుకెళ్ళాలి. "క్రేను మనం ఆపితే ఆగిపోద్ది మేడమ్. లోపల ఉక్కు ఆగదు. అది ఊగుద్ది. కింద మనుసులుంటారు. అందుకని ఆగాల్సిన సోటుకి సానా ముందే ఆపడం మొదలెట్టాల." రోడ్డు మీదినుంచి చూపు తిప్పకుండానే అన్నారు. "ముప్పయ్యేళ్ళు ఒక్క సుక్క ఒలకనీలేదు. దాన్ని పట్టుకుని ఆడు పదిమందిలో నవ్వులాట సేసినాడు."

కారు మార్చమని వచ్చిన మనిషికి అసలు కావలసిందేమిటో నాకప్పుడు అర్థమైంది.

నక్కపల్లిలో టీకి ఆగాం. సన్యాసిరావు గారు అప్పటికే అక్కడ ఉన్నారు, మీటరు ఫోటో తీసుకుంటున్నారు. ఇరవై రెండు చూపిస్తోందని నాకు తెచ్చి చూపించారు. ఆ అంకె కారు కంప్యూటర్ వేసుకునే అంచనా మాత్రమేననీ, దాన్ని సున్నా చేసిన దగ్గర్నుంచే లెక్క మొదలవుతుందనీ చెప్పి, ఎక్కడ సున్నా చేశారని అడిగాను. ఆయన జవాబు వెతుక్కునేలోగా లక్ష్మి గారు టీ ఊదుకుంటూ చెప్పేసింది.

"ఈయన రోజూ లంకెలపాలెం జంక్షన్ దాటినాకే ఆ బటన్ నొక్కుతారు మేడమ్. అక్కడ్నుంచి పరవాడ రోడ్డు ఖాళీ గదా. దేవుడికి దణ్ణం పెట్టినట్టు, ఏ రోజూ మానరు."

ఆవిడ అమాయకంగా అందో, అదను చూసి అందో నేను ఇప్పటికీ చెప్పలేను. వాళ్ళుండే అగనంపూడి నుంచి జంక్షన్ దాకా ట్రాఫిక్‌లో కాల్చిన పెట్రోలు ఆ లెక్కలో ఏనాడూ లేదు. చెప్పులూ బెల్టూ విప్పేసి, ఊపిరి బిగబట్టి కాటా ఎక్కి బరువు చూసుకున్నట్టన్నమాట. అప్పలనాయుడు గారు టీ గ్లాసులోకి చూస్తూ నవ్వు ఆపుకున్నారు. వాట్సాప్ గ్రూపులో ఆరోజు ఫోటో రాలేదని తరవాత తెలిసింది.

తిరిగి వచ్చి, సుద్ద గీతల మీద కార్లు ఆపి, పెట్రోలు పోయించాం. దూరానికి రాళ్ళ లెక్కనూ, ఫోన్ మ్యాప్‌నూ తీసుకున్నాను, రెండూ దాదాపు కలిశాయి. సరిచేసిన దూరంతో లెక్క వేస్తే ఇద్దరి కార్లకూ పందొమ్మిది. పాయింటు తరవాత అంకెల్లో కొంచెం తేడా ఉంది, ఇలాంటి పరీక్షలో దాన్ని తేడా అనకూడదు.

ఇరవై మూడు అనేవారికీ పందొమ్మిదే, పద్నాలుగు అనేవారికీ పందొమ్మిదే. ఇద్దరికీ నచ్చలేదు. సన్యాసిరావు గారు బంకు మీద అనుమానపడ్డారు. అప్పలనాయుడు గారు మరి రోజూ పద్నాలుగెందుకు వస్తోందని అడిగారు. రోజూ ఎక్కడికి వెళతారని నేనడిగాను. ఉదయం కూరగాయల బజారు, సాయంత్రం గుడి. రెండూ ఇంజన్ వేడెక్కేలోపే వచ్చేసే దూరాలు. చల్లని ఇంజన్ ఎక్కువ తాగుతుంది, మధ్యలో ట్రాఫిక్, డిక్కీలో ఇసుక, పైగా మీటరు దూరం తగ్గించి చెబుతోంది. పద్నాలుగు వస్తే గొప్పే.

ప్రసాద్ ఊపిరి పీల్చుకుని, ఇక వెళ్దామా మేడమ్ అన్నాడు. వెళ్ళొచ్చు. కారులో లోపం లేదని తేలిపోయింది, మా పని అక్కడితో అయిపోయింది. కానీ ఆ చక్రాలతో పందొమ్మిది రావడం మామూలు సంగతి కాదని నాకు తెలుసు. మధ్యాహ్నం ఇంకోసారి వెళ్దామన్నాను, ఈసారి డ్రైవర్లు మారి. అప్పలనాయుడు గారు బావ కారు, సన్యాసిరావు గారు బావ కారు. ప్రసాద్ నన్ను చూసిన చూపు నేను మరచిపోలేదు.

ముందు భోజనం. లక్ష్మి గారు పెద్ద క్యారియర్ తెచ్చింది. అప్పలనాయుడు గారు తనకు ఆకలిగా లేదన్నారు. చెల్లెలు క్యారియర్ మూత తియ్యలేదు. "నీకు ఆకలెయ్యకపోతే నాకూ వెయ్యదు. ఈ మేడమ్ కడుపు మాడ్చిన పాపం మనిద్దరిదీ," అంది. నాకు నిజంగా ఆకలేస్తోంది, ముఖంలో దాచుకోలేదు కూడా. ఆయన నన్ను చూసి, ప్రసాద్‌ను చూసి, విసుక్కుంటూ కూర్చున్నారు. నెత్తళ్ళనే చిన్న చేపల పులుసు. రెండోసారి వడ్డించుకున్నప్పుడు ఆకలి సంగతి ఎవరూ గుర్తుచెయ్యలేదు.

మధ్యాహ్నం నేను అప్పలనాయుడు గారితోనే, అంటే సన్యాసిరావు గారి కారులో కూర్చున్నాను. లక్ష్మి గారూ మాతోనే. బియ్యం బస్తాలు రెండో కారులోకి మారాయి. దారిలో ఆయన నన్ను అడిగారు. "మీ కారు ఎంతిస్తాది మేడమ్?" నాకు కారు లేదు, స్కూటర్ ఉందన్నాను. "అదెంతిస్తాది?" నేనెప్పుడూ కొలవలేదు. ఆ మాట చెప్పాక ఆయన మర్యాదకు పక్క అద్దంలోకి చూశారు.

కసింకోట దాటాక సన్యాసిరావు గారు మమ్మల్ని దాటుకుని దూసుకుపోయారు. నియమం తప్పారు. ప్రసాద్ తరవాత చెప్పాడు, మేడమ్ కోప్పడతారని తను హెచ్చరించాడట. 'ఆడు నా కారుని ముందేసుకుని పోతంటే నాను సూడలేను,' అన్నారట ఆయన. వేగంగా వెళ్ళి లారీల వెనక బ్రేకు తొక్కడం, మళ్ళీ వేగం. నాకు ఆ వెనక ఎర్ర దీపాలు దూరం నుంచి కనిపిస్తూనే ఉన్నాయి. అప్పలనాయుడు గారికీ కనిపించాయి. ఆయన వేగం పెంచలేదు. పెంచాలనిపించలేదని కాదు, స్టీరింగ్ మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. పాదం మాత్రం కదల్లేదు.

బంకులో లెక్క తేలింది. అప్పలనాయుడు గారు నడిపిన బావ కారు ఇరవయ్యొకటి ఇచ్చింది. సన్యాసిరావు గారు నడిపిన కారు పదిహేడు దగ్గర ఆగింది. అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. ఏ కారులో ఉన్నా ఒకాయన పాదం పొదుపు చేస్తోంది, ఎవరు నడిపినా ఆ సోకు చక్రాలు తాగేస్తున్నాయి. ఉదయం ఆ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని సమానమయ్యాయి.

సన్యాసిరావు గారు ఆ అంకెలను చాలాసేపు చూశారు. ఎండ అన్నారు, ఎదురుగాలి అన్నారు. ఎదురుగాలి ఇద్దరికీ ఒకటేనన్నాను. ఆయన వెళ్ళి తన కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

జాబ్ కార్డు నింపడానికి నేను పెన్ను తీశాను. 'వాహనంలో లోపం లేదు, చక్రాల కొలత కంపెనీ కొలతకు భిన్నం' అని రాశాను. దాని కింద, డ్రైవర్లు మారిన పరీక్ష వివరాలు రాయబోతుంటే అప్పలనాయుడు గారు దగ్గరికి వచ్చి, మెల్లిగా అడిగారు.

"అది రాయాలేటి మేడమ్?"

మీకు కావలసింది అదే కదా అన్నాను. వాట్సాప్‌లో పెట్టుకోవచ్చు కూడా.

"నాకు తెలిసింది, సాలు. ఆడికీ తెలిసింది. ఆడు నన్ను పదిమందిలో అన్నాడని నానూ పదిమందిలో అంటే మా సెల్లి మొహం ఎక్కడ పెట్టుకుంటాది? ఇల్లు కట్టుకుని పిలుత్తంది." తరవాత అటూ ఇటూ చూసి, "సక్రాలు మాత్రం మార్చను. ఆటి సంగతి నాకు తెలిసిపోయింది గదా, ఇంక పర్లేదు," అన్నారు.

రెండో పరీక్ష మా వర్క్‌షాప్ లెక్కల్లో అవసరం లేనిదే. ఫిర్యాదు ఆయన కారు గురించి, అది మొదటి పరీక్షతో తేలింది. రాయలేదు. కారు మార్చమన్న కోరికను వెనక్కి తీసుకుంటున్నట్టు ఆయన సంతకం పెట్టారు. ప్రసాద్ కార్డును రెండు చేతులతో అందుకున్నాడు.

గృహప్రవేశానికి నన్నూ పిలిచారు. పరవాడ వైపు కొత్తగా వేసిన లేఔట్‌లో ఇల్లు. నేను వెళ్ళేసరికి అప్పలనాయుడు గారు పెద్ద పళ్ళెంలో బట్టలు పట్టుకుని లోపలికి వెళుతున్నారు. సన్యాసిరావు గారు గుమ్మంలో ఎదురొచ్చి "రా బావా" అన్నారు. ఈయన "ఊఁ" అన్నారు. అంతకుమించి ఏమీ జరగలేదు, నేను జాగ్రత్తగానే చూశాను. క్షమాపణ అనేది ఏదైనా వస్తే ఇక్కడే రావాలి కదా అనుకున్నాను. రాలేదు.

కాసేపటికి బయట నీడలో మగవాళ్ళంతా కుర్చీలేసుకుని కూర్చున్నారు. మాట కార్ల మీదికి వెళ్ళింది. ఎవరో సన్యాసిరావు గారిని మైలేజ్ ఎంతొస్తోందని అడిగారు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకుని, అందరికీ వినబడేలా చెప్పారు.

"మా బావ తోలితే ఇరవయ్యొకటి ఇచ్చింది నా కారు. ఏసీ ఏసుకుని! నాను తోలితే అంత రాదు. ఆడి కాలు అలాంటిది. కానీ కారంటే నాదే కారు, దాని సంగతి సూడండి మీరు."

తప్పు ఒప్పుకుంటూనే సొంత కారును పొగుడుకోవడం ఎలాగో నేను అక్కడ చూశాను. అప్పలనాయుడు గారు వినబడనట్టు నీళ్ళు తాగుతున్నారు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా కాసేపు తాగుతూనే ఉన్నారు.

ఆ తరవాత రిటైరయ్యేదాకా నా దగ్గరికి మైలేజ్ ఫిర్యాదులు చాలానే వచ్చాయి. పరీక్ష పద్ధతిలో ఏమీ మార్చలేదు, ట్యాంక్ టు ట్యాంకే. మా వరుసలో మాత్రం ముందొక ప్రశ్న చేర్చాను. టైర్లలో గాలి చూడకముందే, మీ కారును ఎవరి కారుతో పోల్చుకుంటున్నారని అడిగేదాన్ని. సగం ఫిర్యాదులు, కారు తలుపు తెరవకముందే, ఆ జవాబులోనే దొరికేవి.